“నూనెతో నా తల అంటియున్నావు”: ఇక్కడ ‘న’ ఉందా, లేదా?

ఆవగింజ:
బైబిల్లో ఇరవైమూడో కీర్తన, అయిదో వచనం. అచ్చులో “నూనెతో నా తల అంటియున్నావు” అని ఉంది. నోటికి మాత్రం “తలనంటియున్నావు” అని వస్తోంది. కంఠస్థంగా అప్పజెప్పేవాళ్ల దగ్గర కూడా ఈ ‘న’ తరచుగా వినబడుతుంది. ఇది ఎక్కడిది? చేరితే అర్థం మారుతుందా, లేక పలకడానికి వీలుగా చేరిందా? కీర్తన అందరికీ వచ్చిందే కనుక మొత్తం రాయడం లేదు. ఆ ఒక్క అక్షరం తేలితే చాలు.

అరసున్న:
తల, అంటి అనే రెండు మాటలు కలవడానికి నాలుగు దారులున్నాయి. సంధి జరిగితే తలంటి. జరగకపోతే యడాగమం వచ్చి తలయంటి. విడదీసి అచ్చువేస్తే తల అంటి. ఈ మూడూ ఒకటే, అత్వసంధి బహుళం కనుక ఏది రాసినా తప్పు కాదు. నాలుగోది ద్వితీయతో: తలను, అంటి, తలనంటి. ఇది వేరు. జడపదాలకు ద్వితీయ చోట ప్రథమ రావడం మన వాడుక. అన్నం తిన్నాడు, ఇల్లు కట్టాడు, తల దువ్వాడు అంటాం. తల అంటడం కూడా తల దువ్వడం లాంటిదే, రెండు మాటలు కలిసి ఒక పని పేరు. మధ్యలో ‘ను’ దూర్చగానే ఆ జత విడిపోయి, అంటు అనే క్రియ తాకడమనే తన మొదటి అర్థానికి వెళ్లిపోతుంది. ఆకాశాన్నంటే మేడ అన్నప్పటి అంటు అది. కాబట్టి ‘న’ చేరిస్తే నూనె పట్టించడం వెనక్కి పోయి, తాకడం ముందుకొస్తుంది. అచ్చులో ఉన్నదే సరైన పాఠం.

బండిఱ:
అరసున్న గారూ, ‘నా’ అనే మాటను దాటేశారు. తలంటు ఒక్క మాటే అయితే “నాకు తలంటింది” అనాలి. “నా తల అంటింది” అనం. ఇక్కడ ‘నా’ అని ఉంది కాబట్టి తల విడిగా నిలబడ్డ నామమే, కర్మే. అప్పుడు ‘ను’ ఉన్నా తప్పు లేదు, లేకపోయినా లోపం లేదు. చదివేవాళ్లు చేర్చుకున్న ‘న’ వ్యాకరణానికి విరుద్ధం కాదు. అసలు గొడవ ‘యు’ దగ్గర ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పిల్లలు “తల అంటున్నావు” అని చదువుతారు. అంటి తర్వాత ఉన్నావు వస్తే సంధి లేదు, క్త్వార్థక ఇత్తుకు, అంటే చేసి, అంటి లాంటి మాటల చివరి ఇకారానికి, సంధి లేదని సూత్రమే ఉంది. యడాగమంతో అంటియున్నావు అనే కావాలి. ‘యు’ జారిపోతే “నా తల అని చెబుతున్నావు” అన్న అర్థం వస్తుంది. ఆదివారపు బడిలో దిద్దవలసింది ముందుగా దీన్ని.

ఒలీవకొమ్మ:
బండిఱ గారు ‘యు’ పట్టుకోవడం మంచిదయింది. హెబ్రీ మూలంలో ఈ వచనపు మొదటి క్రియ అసంపూర్ణ రూపం, తఅరోఖ్. రెండోది సంపూర్ణ రూపం, దిష్షంతా. అంటే ఒకే వచనంలో కాలం మారుతుంది. మన పాత అనువాదం ఆ మార్పును అలాగే పట్టుకుంది: భోజనము “సిద్ధపరచుదువు”, తల “అంటియున్నావు”. బల్ల ఎప్పుడూ వేస్తూనే ఉండే పని. నూనె మాత్రం అప్పటికే పెట్టేసింది, ఇంకా తలమీదే ఉంది. తమిళ పాత అనువాదంలో ఇదే చోట వర్తమానం ఉంది, క్రియ కూడా అభిషేకం చేయడమే. ఈ మధ్య వచ్చిన వాడుక భాష తెలుగు అనువాదాలు కూడా అటే వెళ్లాయి. అక్కడ పోయింది ‘న’ కాదు, ‘అంటు’.

ఇక దిష్షంతా సంగతి. రాజులకూ యాజకులకూ చేసే అభిషేకానికి హెబ్రీలో మాషఖ్ అనే ధాతువు. మెస్సీయ అన్న మాట అందులోంచే వచ్చింది. స్నానం తర్వాత ఒంటికి రాసుకునే నూనెకు సూఖ్. రూతు 3:3లో నయోమి కోడలికి చెప్పేది, 2 సమూయేలు 12:20లో దావీదు నేలమీద నుంచి లేచి చేసుకునేది ఇదే. ఇరవైమూడో కీర్తనలో ఈ రెండూ లేవు. దాషన్ ఉంది. కొవ్వు, పుష్టి అని దాని అర్థం. సామెతలు 15:30లో మంచి సమాచారం “ఎముకలకు పుష్టి ఇచ్చును” అన్న చోట ఉన్నది ఇదే ధాతువు. గ్రీకు అనువాదకులు ఎలిపానాస్ అనీ, లతీనువాళ్లు ఇంపింగ్వాస్తీ అనీ రాసి ఆ కొవ్వు భావాన్ని నిలిపారు. కాబట్టి “అభిషేకించావు” అంటే మూలంలో లేని సింహాసనం తెచ్చిపెట్టినట్టు అవుతుంది. మాడుకు నూనె ఇంకేలా పట్టించడమే దాషన్‌కు దగ్గర.

కుంకుడుకాయ:
ఒలీవకొమ్మ గారు క్రియ చెప్పారు, పని చేసే వరస కూడా చూడాలి. మన తలంటులో నూనె ముందు, నీళ్లు తర్వాత. నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, మాడు మీద పోసి, అరచేత్తో ఇంకేదాకా రుద్ది, కుదుళ్లకు వేళ్లతో పట్టించి, అరగంట ఆగి, కుంకుడు రసంతోనో శీకాయతోనో జిడ్డు వదిలేలా పోస్తారు. రసం పలచనైతే జిడ్డు వదలదు, మరీ చిక్కనైతే జుట్టు పీచులా అవుతుంది. మొత్తం పనికి చివర నూనె పోవాలి, మెత్తదనం మిగలాలి. హెబ్రీవాళ్ల వరస తలకిందులు. స్నానం ముందు, నూనె తర్వాత. రూతు స్నానం చేసి నూనె రాసుకుని బట్టలు మార్చుకుంటుంది. దావీదూ అంతే. ఆ నూనెను కడగరు. ఎండకు, పొడిగాలికి అది ఒంటిమీదే ఉండాలి.

అందుకే ఈ వచనాన్ని తలంటుతో పోల్చి బోధించేటప్పుడు జాగ్రత్త కావాలి. “పాపాన్ని నూనెలా కడిగేస్తాడు” అని ఎవరైనా లాగితే వచనం విరిగిపోతుంది. ఇక్కడ కడగడం లేదు. బండిఱ గారి ‘యు’లో ఉన్నది అదే కదా, అంటి ఉంచావు, వదిలించలేదు.

మత్తయి 6:17 మాత్రం మన వరసకు అచ్చంగా సరిపోతుంది. “నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము.” ఉపవాసం ఉన్నవాడు నూనె లేని జుట్టుతో, బూడిద మొహంతో వీధిలోకి రాకూడదని. తెలుగింట్లో దాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు.

అరసున్న:
అక్కడ ‘కొను’ను చూడండి. అంటుకొని, కడుగుకొనుము. ఎవరికి వారు చేసుకునే పని. కీర్తనలో ‘కొను’ లేదు, ఇంకొకరు అంటారు. ఈ తేడా కోసం మూలభాషల దాకా పోనక్కర్లేదు. ఉపవాసంలో నీ తల నువ్వే అంటుకో, విందులో నీ తల ఆయన అంటుతాడు. తొంభైరెండో కీర్తనలో “క్రొత్త తైలముతో నేను అంటబడితిని” అని కర్మణి వేశారు. అది తెలుగు నోటికి పట్టదు. తల అన్న మాట తీసేసరికి అంటు దిక్కులేనిదయింది. నేను చెప్పిన జత ఇదే. తలను విడదీస్తే ఏమవుతుందో ఆ వచనమే రుజువు.

ఒలీవకొమ్మ:
అక్కడ హెబ్రీ క్రియ కూడా వేరు, బాలల్, కలిపి తడిపేయడం. అనువాదకులు ఇబ్బంది పడ్డారనుకోవచ్చు.

కొత్తతిత్తి:
గొర్రెల సంగతి రాలేదేమిటి? ఎండాకాలంలో ఈగలు గొర్రెల ముక్కుల్లో దూరకుండా కాపరి తలకు నూనె రాస్తాడనీ, దావీదు దాన్నే చెబుతున్నాడనీ బోధల్లో బాగా వినిపిస్తుంది. అలాగైతే రాయడం అనాలి, అంటడం కాదు. గొర్రెకు తలంటేమిటి?

ఒలీవకొమ్మ:
గొర్రెలకు మందు నూనె పూయడం నిజమే కావచ్చు, ఈ వచనంలోకి మాత్రం తేకూడదు. నాలుగో వచనం దాకా కాపరి, లోయ, దుడ్డుకఱ్ఱ. అయిదులో బల్ల, గిన్నె, శత్రువులు చూస్తుండగా భోజనం. గొర్రె బల్ల దగ్గర కూర్చోదు, గిన్నెతో తాగదు. కాపరి ఇక్కడ ఇంటి యజమాని అవుతున్నాడు. ఆరో వచనంలో ఆ ఇల్లు కూడా వచ్చేస్తుంది, యెహోవా మందిరం. గొర్రెను చివరిదాకా లాక్కెళితే మందిరాన్ని గొర్రెలదొడ్డి చేయాల్సి వస్తుంది. ఇలాంటి చోట సరిచూసే పద్ధతి ఒకటే. ముందు వచనంలోని వస్తువులన్నీ వరసగా రాసుకోవాలి. ఏ ఒక్క దృశ్యంలో అవన్నీ ఇముడుతాయో చూడాలి. తర్వాతే ఉపమానం.

బండిఱ:
ఆ దృశ్యం కావాలంటే లూకా 7 తీయాలి. సీమోను ఇంట్లో భోజనం. యేసు మూడు లోపాలు లెక్కపెడతాడు. కాళ్లకు నీళ్లు లేవు, ముద్దు లేదు, తలకు నూనె లేదు. 46వ వచనం: “నూనెతో నీవు నా తల అంటలేదు గాని ఈమె నా పాదములకు అత్తరు పూసెను.” కీర్తనలో ఉన్న మాటలే, ‘నూనెతో’, ‘నా తల’, ‘అంటు’. ఇక్కడా ‘న’ లేదు. ఆవగింజ గారి ప్రశ్నకు ఇది రెండో సాక్ష్యం.

ఇంకో సంగతి. గ్రీకులో ఈ వచనంలో రెండుసార్లూ ఒకటే క్రియ, అలైఫో. తెలుగులో తలకు అంటడం, పాదాలకు పూయడం. యాకోబు 5:14లో రోగి దగ్గర అదే గ్రీకు క్రియకు “నూనె రాచి”. మార్కు 6:13లోనూ రాచడమే. తలకైతే అంటు, అత్తరైతే పూయు, రోగి ఒంటికైతే రాచు. ఒక గ్రీకు మాటను మూడు తెలుగు మాటలుగా విడగొట్టింది చెవి తెలిసినవాళ్లే. అభిషేకాన్ని మాత్రం ఖ్రియో అనే క్రియ వచ్చినచోటికి దాచుకున్నారు, లూకా 4:18, అపొస్తలుల కార్యములు 10:38. ఇంత తేడా చూపిన అనువాదంలో ‘న’ పొరపాటున పడిపోయిందని అనుకోను. కావాలనే పెట్టలేదు.

కొత్తతిత్తి:
యాకోబు 5:14 ఎత్తారు కనుక ఆచరణ మాట ఒకటి. అక్కడ వరస ఇది: రోగి పిలిపించాలి, సంఘపు పెద్దలు రావాలి, ప్రభువు నామాన నూనె రాయాలి, ప్రార్థన చేయాలి. నూనె ఎంతో చెప్పలేదు. వేలికి అంటినంత నుదుట రాస్తే సరిపోతుంది. తలమీద ఒంపితే మంచంలో ఉన్న మనిషికి దిండు, పక్కబట్టలు తడిసి చలి పుడుతుంది. పుండు, కుట్లు ఉన్నచోట అసలు తగలనీయకూడదు. మందు ఆపమని అక్కడ ఎక్కడా లేదు. తరవాతి వచనంలో స్వస్థపరచేది విశ్వాససహితమైన ప్రార్థన అని ఉంది, నూనె అని లేదు. తప్పు జరిగేది ఎక్కడంటే, రాచిన నూనెను అభిషేక తైలం అని పేరు మార్చడంలో. పేరు మారగానే సీసా వస్తుంది, సీసాకు ధర వస్తుంది.

ఒలీవకొమ్మ:
ఆ పేరుకు నిర్గమకాండము 30 అడ్డుగా నిలుస్తుంది. అభిషేక తైలానికి కొలత ఇచ్చి ఉంది: గోపరసం 500, దాల్చినచెక్క దానిలో సగం 250, సువాసనగల రెల్లు 250, కాసియా పట్ట 500, అన్నీ పరిశుద్ధ స్థలపు తూకంలో. వాటికి ఒక హీను ఒలీవనూనె. ఆ వెంటనే రెండు నిషేధాలు. మామూలు మనుషుల ఒంటిమీద పోయకూడదు. అలాంటిదాన్ని ఇంకొకటి కలపకూడదు, కలిపినవాడు ప్రజల్లోంచి కొట్టివేయబడతాడు. ఇరవైమూడో కీర్తనలోని నూనె అది కానే కాదు. షెమెన్ అని మాత్రమే ఉంది, ఇంట్లో వాడే ఒలీవనూనె. మరో తేడా చేతిలో ఉంది. సమూయేలు సౌలు తలమీద బుడ్డిలోంచి పోస్తాడు, దావీదుకు కొమ్ములోంచి. అభిషేకమంటే పైనుంచి పడేది, చేసేవాడి చేయి తలకు తగలనక్కర్లేదు. అంటడానికి చేయి తగిలి తీరాలి.

కుంకుడుకాయ:
నూనె అన్న మాట కూడా చూడండి. నువ్వు, నెయ్యి కలిసి నూనె. సంస్కృతం తైలమూ తిలల్లోంచి వచ్చిందే. మన రెండు మాటల్లోనూ నువ్వులే ఉన్నాయి. అందుకే ఒలీవ చెప్పాల్సిన చోట ఒలీవనూనె అని విడిగా చెప్పాల్సి వచ్చింది. కీర్తనలో ఆ ముందుమాట లేకుండా వట్టి నూనె అని వదిలేయడం వల్ల వచనం వంటింటి అరమీద ఉన్న గిన్నె దాకా వచ్చేసింది. ప్రసంగి 9:8లోనూ అంతే, “నీ తలకు నూనె తక్కువచేయకుము.” అది పెద్దముత్తయిదువ చెప్పే మాటలా ఉంటుంది.

గోనెపట్ట:
ఇంతసేపూ అందరూ అంటు అనే మాటను నూనె వైపు నుంచే చూస్తున్నారు. ఇంకో వైపు ఉంది. అంటు, ముట్టు, అంటరాని. అంటరానిలో ఉన్నది అదే ధాతువు. ఈ కీర్తనను తరతరాలుగా కంఠస్థం చేసిన తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లు. ఊరు వాళ్లను అంటరానివాళ్లంది. ఆ నోటితో “నా తల అంటియున్నావు” అని దేవుడితో అనడం మామూలు సంగతి కాదు. అభిషేకించావు అంటే ఆ బరువు పోతుంది. బావి దగ్గర నీళ్లు కూడా పైనుంచే పోసేవాళ్లు, చేయి తగలకుండా. ఒలీవకొమ్మ గారు చెప్పిన తేడా ఇక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది. పైనుంచి పోసేవాడు కాదు ఈ దేవుడు, చేయి పెట్టి అంటేవాడు. నన్నడిగితే ‘న’ ఉండాలి. “తలనంటియున్నావు.” తాకడం ముందుకొస్తుందన్నదాన్ని అరసున్న గారు లోపంగా చూపారు, నాకు అదే కావాలి.

లూకా 7లో కూడా చూడండి. 39వ వచనంలో సీమోను మనసులో అనుకునేది తన్ను ముట్టుకొన్న స్త్రీ ఎవతెయో అని. అతని బాధ ముట్టు. యేసు జవాబు: నువ్వు నా తల అంటలేదు. ముట్టు గురించి అనుకున్నవాడికి అంటు గురించి జవాబు.

ఒలీవకొమ్మ:
గోనెపట్ట గారూ, గ్రీకులో ఆ రెండు క్రియలకూ పోలిక లేదు. ముట్టడానికి హప్తో, నూనెకు అలైఫో. ముట్టు, అంటు జంట తెలుగులో పుట్టింది. దాన్ని మూలంలో యేసు ఉద్దేశించాడని బోధిస్తే తప్పవుతుంది. తెలుగులో చదివేవాడికి వినబడుతుందనడం వరకు నిజం. ఆ గీత దాటకూడదు.

గోనెపట్ట:
దాటలేదు. తెలుగు వచనం గురించే మాట్లాడుతున్నాను. తెలుగు చెవికి వినబడింది తెలుగువాడి ఆస్తి. ఇంకో మాట, ఈ అంటరానితనపు వెలితిని కవి గుర్రం జాషువా ఎలా పట్టుకున్నాడో చూడండి. 1941 నాటి ‘గబ్బిలం’లో తంజావూరి అంటరానివాడు కాశీలో ఉన్న శివుడికి కబురు పంపాలి. మేఘాన్నీ హంసనూ కాదు, గబ్బిలాన్ని ఎంచుకున్నాడు కవి. ఎందుకంటే గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. లోపల వేలాడుతుంది, దేవుడి చెవికి దగ్గరగా. ఈయన దూతను ప్రవేశార్హతను బట్టి ఎంచుకున్నాడు. ఇరవైమూడో కీర్తన చివరి మాట ఏమిటి? “యెహోవా మందిరములో నేను నివాసము చేసెదను.” గబ్బిలం అక్కర్లేదు, తనే లోపలికి వెళతాడు. తల అంటిన తర్వాతే ఆ ధైర్యం వచ్చింది. అయిదు, ఆరు వచనాలు ఆ వరసలో ఉండటం చూడండి.

బండిఱ:
జాషువా పేరు వస్తే ‘క్రీస్తు చరిత్ర’ కూడా చెప్పాలి, 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే వచ్చింది. ‘గబ్బిలం’ ఒక్కటే చెప్పి ఆయన్ను ఆపేయడం సరికాదు. వినుకొండలో పుట్టినవాడి పద్యాల్లో సీసం నడక వేరు. వచనంలో ఉన్న కీర్తనను ఆయన చెవితో వింటే “తల అంటి” దగ్గరి ఎడాన్ని ఒప్పుకునేవాడు కాదు, సంధి చేసేవాడు. పద్యంలో రెండు అచ్చుల మధ్య ఖాళీ ఉండదు. తలంటి, తలయంటి, తలనంటి, ఏదో ఒకటి కావాలి. ‘న’ పుట్టింది అక్కడే కావచ్చు, పద్యపు అలవాటున్న నాలుకల మీద.

ఇక గోనెపట్ట గారి అంటరాని అర్థం అనువాదకుల మనసులో ఉందనుకోను. తెలుగు అనువాదాల తొలి పనిలో బ్రాహ్మణ పండితుల చేయి ఉంది. 1805లో విశాఖపట్నంలో మొదలైన లండన్ మిషన్‌వాళ్లకు సువార్తల దగ్గర సాయపడ్డ ఆనందరాయర్ బ్రాహ్మణుడే. అలాంటి ఇళ్లలో తలంటు పండగనాటి మాట. వాళ్లు వేసిన మాట పల్లెకు వెళ్లి మరో బరువు తెచ్చుకుంది. ఆ బరువు నిజమే, ఉద్దేశం మాత్రం కాదు.

గోనెపట్ట:
రాసినవాడి ఉద్దేశం కంటే పాడినవాడి బతుకు ఎక్కువ కాలం నిలిచింది. దాన్ని తక్కువ చేయకండి.

కొత్తతిత్తి:
కొత్త అనువాదాలు అంటును ఎందుకు వదిలాయో ఒక కారణం తోస్తోంది. ఇప్పుడు తలంటు అంటే పత్రికల్లో చీవాట్లు. “అధికారులకు మంత్రి తలంటారు.” ఆ శీర్షికలు చదివిన కుర్రవాడికి “నూనెతో నా తల అంటియున్నావు” అంటే దేవుడు మెత్తగా తిట్టాడేమో అనిపించవచ్చు. దాన్ని తప్పించడానికే అభిషేకం తెచ్చి ఉంటారు.

కానీ ఆ అర్థం కూడా కీర్తనల్లోనే ఉంది. 141:5 తీయండి. నీతిమంతులు గద్దిస్తే “నాకు తైలాభిషేకము” అంటాడు దావీదు. మూలంలో షెమెన్ రోష్, తలనూనె. గద్దింపే తలనూనె. పత్రికల తలంటు, దావీదు తలనూనె ఒకే చోట కలిశాయి! ఆ ఒక్కచోట అభిషేకం తీసేసి “వారు నన్ను గద్దించుట నాకు తలంటు” అని వేసి ఉంటే ఎంత బాగుండేది. ఆచరణకు కూడా పనికొస్తుంది. ఎవరి గద్దింపు ఒప్పుకోవాలో ఆ వచనమే చెబుతుంది, నీతిమంతులది. ఎవరు పడితే వాళ్లు అరిచింది కాదు. నూనె పట్టించినట్టు దగ్గరగా కూర్చుని, చేయి తలమీద ఉంచి చెప్పగలిగినవాళ్లది. పదిమందిలో నిలబెట్టి కడిగేది అందులోకి రాదు.

ఒలీవకొమ్మ:
ఆ వచనంలో ఇంకో ఒక్క అక్షరపు గొడవ ఉంది, ఆవగింజ గారికి నచ్చుతుంది. హెబ్రీ ప్రతుల్లో షెమెన్ రోష్. గ్రీకు అనువాదంలో మాత్రం “పాపి నూనె నా తలకు పట్టకుండును గాక” అన్న అర్థం ఉంది. రోష్ అంటే తల, రాషా అంటే దుష్టుడు. రాతలో రెండూ దగ్గర. గ్రీకువాళ్ల ముందున్న ప్రతిలో రాషా ఉందో, వాళ్లే అలా చదివారో. ఫలితం పూర్తిగా తిరగబడింది. ఒకదాంట్లో మంచివాడి గద్దింపును నూనెలా అందుకోవడం, రెండోదాంట్లో చెడ్డవాడి పొగడ్త నూనెను తోసేయడం. విచిత్రమేమంటే గ్రీకులో అక్కడ వాడిన క్రియ, ఇరవైమూడులో వాడిన క్రియ ఒకటే, లిపైనో. ఆ రెండు వచనాలను కలిపి చదివినవాడికి ఎవరి నూనె తలమీద ఉండాలన్నది ఒక్కటే ప్రశ్నగా కనబడుతుంది.

కుంకుడుకాయ:
ఆ రెండు పాఠాలూ కావాలి. మాడుమీద పెద్దవాళ్ల చేయి పడితే నూనె ఇంకుతుంది. కొత్తవాళ్లు రుద్దితే చిక్కులు పడుతుంది.

ఆవగింజ:
జాషువా, యాకోబు, దాల్చినచెక్క, అన్నీ వచ్చాయి. నా ‘న’ మాత్రం అక్కడే ఉంది. అరసున్న గారు వద్దంటున్నారు, బండిఱ గారు తప్పు కాదన్నారు, తర్వాత కావాలనే పెట్టలేదన్నారు, గోనెపట్ట గారు ఉండాలంటున్నారు. ఒకటి అడుగుతాను. లూకా 7:46లో “నా తలనంటలేదు” అని ఎవరూ చదవరు. అక్కడ చేరని ‘న’ కీర్తనలోనే ఎందుకు చేరింది?

అరసున్న:
మంచి ప్రశ్న. లూకా కళ్లతో చదివేది, కీర్తన గొంతెత్తి గుంపుగా చెప్పేది. “నూనెతో నా తల” దాకా వచ్చేసరికి నూ, నె, నా, మూడు నకారాలు దాటాం. ముందు “యున్నావు”లో నాలుగోది ఉంది. మధ్యలో తల అన్న మాట అకారంతో ముగిసి, అంటి అకారంతోనే మొదలవుతుంది. పాతికమంది ఒకేసారి చెప్పేటప్పుడు ఆ రెండు అకారాల మధ్య ఊపిరి తెగుతుంది. నాలుక దగ్గర సిద్ధంగా ఉన్న హల్లును అక్కడ వేస్తుంది. లూకాలోనూ నకారాలున్నాయి, కానీ ఎవరూ కలిసి చెప్పరు. కాబట్టి ఇది ద్వితీయ కాదు, నోటి వంతెన. గోనెపట్ట గారి అర్థానికి దీన్ని ఆధారం చేసుకోవడానికి లేదు.

గోనెపట్ట:
నోరు వేసుకున్న వంతెన మీద మనసు నడవకూడదని ఎక్కడుంది?

బండిఱ:
కలిసి చెప్పించేవాళ్లకు ఒక సూచన. “నూనెతో నా తల” దగ్గర ఆపించండి. ఊపిరి తీసుకున్నాక “అంటియున్నావు” అని ‘యు’ స్పష్టంగా పలికించండి. ‘న’ దానంతటదే పోతుంది, అంటున్నావు కూడా పోతుంది. అదే ఊపిరిలో “నా గిన్నె నిండి పొర్లుచున్నది” కలపకండి, అక్కడ మళ్లీ ఆపాలి. నాలుగో వచనంలో దుడ్డుకఱ్ఱకు బండి ఱ వేసి రాయించండి, కర్ర కాదు.

ఒలీవకొమ్మ:
ఆరో వచనం దగ్గర కూడా ఒకటి తేలాలి. “కృపాక్షేమములే నా వెంట వచ్చును” అన్నారు. మూలంలో రాదఫ్, శత్రువు తరిమినట్టు తరమడం. శత్రువుల ఎదుట బల్ల వేసి, ఇప్పుడు తరిమే పని కృపకు ఇచ్చాడు. “వెంట వచ్చును” అంటే ఆ పరుగు తగ్గిపోలేదా? వెంటాడును అనాలా, వెంబడించును అనాలా?

అరసున్న:
వెంటాడును అంటే వేట వాసన వస్తుంది. ‘ఆడు’ ఎక్కడిదో ముందు చూద్దాం.